వంతు కర్ర

…అయినా నేను ఒక దొంగసొమ్మును. కాపలాకు దొంగసొమ్మునే పెట్టాలని ఆ ఊరికి ఎందుకు తోచిందో ఎంత ఆలోచించినా నాకు అంతుపట్టలేదు. బహుశా ఎవరూ ఆలోచించి ఉండరు. చేతికందినదాన్ని తీసుకుని ఉంటారు. మనుషుల నిర్ణయాలు చాలావరకు అంతే. కారణాలు తరవాత తీరిగ్గా వచ్చి చేరతాయి.

మద్దిచెట్టు మోడు నుంచి లేచిన పిలకను నేను. పాలకొండ వైపు కొండల్లో ఇరవై ఆరు గడపల ఊరు మాది. కొట్టగా కొట్టగా కొండ బోడి అయిపోయింది. కింద పారే గెడ్డ మాఘానికే ఎండిపోయేది, ఆడవాళ్లు నీళ్లకు పక్క ఊరు నడిచేవారు. చివరికి ఊరంతా కూర్చుని, ఇక కొండమీద కత్తి పెట్టకూడదనుకుంది. కొత్తగా నాటక్కరలేదు, మోడుల్ని వాటిమానాన వదిలేస్తే అవే లేస్తాయన్నారు ముసలివాళ్లు. లేచాం. కాపలాకు మాత్రం ఎవరికి తోచినప్పుడు వాళ్లు వెళ్లాలన్నారు. అంటే ఎవరూ వెళ్లలేదు.

మూడో ఏడు సుక్కన్న నన్ను నరికి భుజాన వేసుకుని దిగుతుంటే, అతని వదిన పారమ్మ బాటకు అడ్డంగా నిలబడింది.

"ఏటి మరిదీ, కొండ మీ అత్తోరిచ్చినారేటి?"

"ఇల్లు కారిపోతంది వదినా. ఒక్క వాసమే కదేటి."

"ఒక్కటే ఒక్కటే అని ఇరవయ్యారు గడపలోళ్లూ అంటే, రేపు కొండ నీ బుర్రలాగే ఉంటాది."

సుక్కన్నది బట్టతల. పారమ్మ నన్ను లాక్కుని ఊరి పెద్ద ఎండన్న ముందు పడేసింది. వంతు పుట్టింది అప్పుడే. సాయంత్రం నన్ను ఎవరి గుమ్మానికి ఆనిస్తే, మర్నాడు ఆ ఇంటివాళ్లు నాతో కొండకు వెళ్లాలి. పొద్దుగూకాక తెచ్చి పక్కింటి గుమ్మానికి ఆనించాలి. పిలవడం, చెప్పడం ఏమీ ఉండదు. కర్ర కనబడితే వంతు వచ్చినట్టే. ఒక్క సుక్కన్న ఇంటిని మాత్రం దాటించేయాలన్నారు. వంతు లేని ఇంటికి కొండచీపుళ్లలోనూ అడ్డాకుల్లోనూ వాటా ఉండదు. ఊరు మళ్లీ ఒప్పుకునేదాకా అంతే.

పారమ్మ ఇల్లు సుక్కన్న ఇంటికి ముందుది. కాబట్టి ప్రతి వంతులోనూ నన్ను ఆ గుమ్మం దాటించే పని ఆమెదే అయింది. అతను అరుగుమీద కూర్చుని చూసేవాడు. ఆమె తల తిప్పేది కాదు. ఆమె చెయ్యి మాత్రం సరిగ్గా అక్కడికొచ్చేసరికి చెమర్చేది. న్యాయం చేసిన చెయ్యి చెమర్చడం ఎందుకో నేను కర్రను, నాకేం తెలుస్తుంది. ఆమెకూ తెలియదనుకుంటాను.

అలా నాలుగేళ్లు. కొండ పచ్చబడింది, గెడ్డ శివరాత్రి దాటినా పారింది. సుక్కన్నను ఈ ఉగాదికి వంతులో కలిపేద్దామని ఎండన్నే అన్నాడు.

ఉగాదికి వారం ముందు పారమ్మ వంతు వచ్చింది. ఇప్పపూలు రాలే రోజులు. కొండ మొదట్లో ఉన్న ఇప్పచెట్టు కింద ఎండాకు మోకాలి లోతున ఉంది, పూలు అందులో పడి కనబడవు. ఆకుకు నిప్పు పెడితే నేల శుభ్రమవుతుంది, పూలు ఏరుకోవచ్చు. వాళ్ల అమ్మలు, అమ్మమ్మలు చేసిందీ అదే. కొండ కట్టుబాటులో అది కూడదని రాసుకున్నారు. రాయించినవాళ్లలో పారమ్మ ఒకతె. ఆమె నన్ను దూరంగా ఒక బండకు ఆనించింది. చుట్టూ చీపురుతో గిరి గీసినట్టు ఊడ్చింది. ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసింది. అగ్గిపుల్ల గీసింది.

గాలి గిరిని లెక్కచేయలేదు.

కింద చేలో మేకలు కాస్తున్న సుక్కన్న పచ్చికొమ్మ విరుచుకుని పరిగెత్తుకొచ్చాడు. ఇద్దరూ కొట్టారు. మంట ఆరేసరికి రెండెకరాల పిలకలు బొగ్గయ్యాయి, అతని ముంజేయి బొబ్బలెక్కింది. ఊరు వచ్చి చూసింది మసి చేతుల సుక్కన్నను.

"వంతు లేనోడివి, ఇక్కడ నీకేటి పనిరా?" అన్నాడు ఎండన్న.

సుక్కన్న పారమ్మ వైపు చూశాడు. ఆమె నోరు తెరిచింది. దగ్గు వచ్చింది. నిజంగానే వచ్చిందో, రప్పించుకుందో నాకు తేలలేదు. దగ్గు ఆగేలోగా ఊరు, నిప్పు సుక్కన్నదేనని తీర్పు చెప్పేసుకుని దిగిపోయింది.

ఆ సాయంత్రం నన్ను ఎవరి గుమ్మానికీ ఆనించలేదు. ఆమె ఇంట్లోనే ఉన్నాను.

మర్నాడు పొద్దున్నే బడి వరండాలో అందరూ కూర్చున్నారు. సుక్కన్న ఇంటిని వంతులోంచి ఇక శాశ్వతంగా తీసేయాలన్నది మాట. అతను దూరంగా, చివర గోడ పక్కన కూర్చున్నాడు. చేతికి పసుపు రాసుకున్నాడు.

"సెప్పుకునేదేటైనా ఉందేటి?" ఎండన్న అడిగాడు.

"నా మాట ఎవులు నమ్ముతారు? నమ్మీలాగ సెప్పగలిగినోళ్లు వేరే ఉన్నారు. ఆళ్లు దగ్గుతున్నారు."

ఎవరో నవ్వారు. పారమ్మ నన్ను రెండు చేతులా పట్టుకుని ఉంది. అతను నరికిన నన్ను నాలుగేళ్లు మోసింది, దొంగను పట్టినదానినని నాలుగేళ్లు బతికింది. అది పోతే తన దగ్గర ఇంకేం మిగులుతుందో లెక్కవేసుకుంటోందని వేళ్లను బట్టి తెలిసింది. లెక్క తేలలేదు. తేలకుండానే నోరు తెరిచింది.

"నిప్పు నాను పెట్టినాను."

"ఏటీ?"

"పూల కోసం. మరిది ఆర్పినాడు. నాను పెట్టినాను."

సుక్కన్న నేలవైపు చూస్తూ, "నిన్న సెప్పుంటే నా పిల్లది రాత్రి అన్నం తినుండేది వదినా," అన్నాడు. కోపంగా కూడా అనలేదు.

ఎండన్న చాలాసేపు గడ్డం గోక్కున్నాడు. కట్టుబాటు ప్రకారం పారమ్మ ఇల్లు వంతులో ఉండదు, ఆ సంగతి అందరికీ తెలుసు. పైకి అనడానికి ఎవరికీ నోరు రాలేదు. పొద్దెక్కుతోంది, కొండ మీద కాపలా లేదు.

"మరి ఇయాళ వంతు ఎవులిది?" అన్నాడు చివరికి.

పారమ్మ లేచింది. అందరి మధ్యనుంచీ నడిచి వరండా చివరకు వెళ్లింది. అక్కడ గుమ్మం లేదు. సుక్కన్న భుజం పక్కన, గోడకు నన్ను ఆనించింది.