తకామా గీసిన బావులు

సహారా ఎడారిలోని గదామిస్ ఊరి బయట, టువారెగ్ సంచార జాతి గుడారాల్లో తకామా రోజూ పొద్దున్నే ఇసుకలో వేలితో దారి గీసి, దాని మీద ఏడు గుంటలు నొక్కేది. ఒక్కో గుంటలో ఎడారిలోని ఒక్కో బావి నీరు ఊరేది. మేకలు వచ్చి తాగిపోయేవి. నాలుగోది ఉప్పన, దాన్ని మాత్రం ముట్టేవి కావు.

ఆమె కొడుకు అమస్తాన్ ఒంటెల బిడారులకు దారి చూపేవాడు. ఊళ్లో ఇంగ్లీషు సర్కారు ప్రతినిధిగా, వైస్ కాన్సల్ పెండ్రిల్ దొర ఉండేవాడు. పేరుకే కాన్సల్. ఆయన ఆస్తల్లా ఒక జెండా, ఒక కుర్చీ, ఎప్పటికీ పూర్తికాని యాత్రా పుస్తకం. దానికి బావుల పటం కావాలి. పటం అచ్చయితే వెనకే సిపాయిలొచ్చి బావుల పక్కన కోటలు కడతారని అమస్తాన్ భయం. అందుకే ఏడాదిగా దొరను మాటలతో తిప్పుతున్నాడు.

ఓ రోజు దొర సరాసరి వచ్చి తకామా గుడారపు నడిమి గుంజ పట్టుకుని బావుల పటం గీసిమ్మన్నాడు. అలా పట్టుకుని అడిగినవాణ్ని ఇంటి ఆడది కాదనకూడదని వాళ్ల ఆచారం.

"ఈ కిటుకు నీకెవరు చెప్పారు నాయనా?" అంది తకామా.

"పుస్తకంలో చదివానమ్మా."

"మంచి పుస్తకమే. కూర్చో, గీస్తా."

"అమ్మా, కొంప ముంచుతున్నావు," అన్నాడు అమస్తాన్.

"గుంజ పట్టాడురా. నన్నేం చెయ్యమంటావు?"

దొర పటాన్ని కాగితం మీదికి దించుకున్నాడు. తెల్లారేసరికి ఏడు చోట్లా కాగితం తడిసి సిరా అలుక్కుపోయింది. ఎన్నిసార్లు గీసినా అంతే. విసిగిపోయి, బావులు కళ్లారా చూసి రాసుకుంటానని అమస్తాన్‌ను వెంటబెట్టుకుని బయల్దేరాడు. కాగితం జేబులోనే ఉంది.

మూడో రోజు ఇసుకగాలి ఇద్దరినీ విడదీసింది. నీళ్ల తిత్తులన్నీ అమస్తాన్ ఒంటె మీదే ఉండిపోయాయి. దొర పోతే పటం పీడా పోతుందని అమస్తాన్‌కు ఒక్క క్షణం అనిపించింది. అలా అనిపించినందుకు సిగ్గుపడి, రెండు రోజులు తిండి మాని వెతికాడు. దొర ఒక ఇసుకదిబ్బ నీడలో కాగితం చప్పరిస్తూ కనిపించాడు.

"బతికే ఉన్నారా దొరా?"

"నాలుగోది తప్ప అన్నీ తాగాను. అది ఉప్పన."

అమస్తాన్, టువారెగ్ మగవాళ్లు మొహానికి కట్టుకునే ముసుగు వెనక నవ్వుతూనే ఏడ్చేశాడు.

ఊరు చేరాక దొర పుస్తకంలో రాసింది గుడారం ముందు కూర్చుని చదివి వినిపించాడు. "ఈ దారిలో చుక్క నీరు లేదు. సిపాయిలను పంపితే ఒక్కడూ తిరిగిరాడు."

"ఇంకోసారి చదవండి," అన్నాడు అమస్తాన్. ఏడాదిగా గుండెల మీదున్న బరువు దిగిపోయింది.

దొర కాగితాన్ని తకామా చేతికిచ్చాడు. ఆమె దాన్ని మేకకు పెట్టింది. మేక అంతా నమిలి, నాలుగో బావి ఉన్న ముక్కను మాత్రం ఉమ్మేసింది.