రెండో సర్వర్

అన్నం పొగలు కక్కుతోంది. వంజరం చేప పులుసు వేసుకుని మొదటి ముద్ద కలిపానో లేదో, పక్కనున్న ఫోన్ కుయ్యిమంది. ఇవాళ ఏమైనా సరే వేడన్నం తినాలని పొద్దున్నే ఒట్టు పెట్టుకున్నాను. పెళ్ళయ్యాక ప్రతి ఆదివారం నా నోటికి చేరేది చల్లారిన పులుసే. వండేది మాత్రం నేనే, ఖర్మ.

ద్వారకా నగర్‌లో ఒక ఇంటర్నెట్ కంపెనీలో నా ఉద్యోగం. జనం నెట్ పెట్టగానే పేరూ పాస్‌వర్డూ సరిచూసి లోపలికి పంపేది ఒక సర్వర్. ఎవరు ఎంతసేపున్నారు, ఎంత వాడుకున్నారు అని రాసుకునేది ఇంకోటి. అవి పలుకుతున్నాయా లేదా అని కనిపెట్టుకుని ఉండటం నా పని. పలక్కపోతే నా ఫోన్‌కి అలర్ట్ వస్తుంది. నేను 'చూశాను' అని నొక్కకపోతే కాసేపటికి మేనేజర్ సాయిశంకర్‌కి వెళ్తుంది. నిజానికి ఆదివారం డ్యూటీ ఆయనదే. అయినా వరసలో ముందు నా నంబరే పెట్టాడు. అడిగితే, ఆడవాళ్ళయితే ఫోన్ వెంటనే తీస్తారని నవ్వాడు. నేను దాన్ని మెప్పనుకుని ఒక్క అలర్టు కూడా ఆయన దాకా పోనివ్వలేదు, పిచ్చిమొహాన్ని.

ఇంట్లోనూ ఇదే వరస. మా ఆయన అర్జునరావు పరవాడలో మందుల ఫ్యాక్టరీలో సూపర్‌వైజర్. అక్కడ ఏ గొట్టంలో ఏం పారుతోందో కళ్ళు మూసుకుని చెప్తాడట. పెందుర్తిలో ఇంటికొచ్చేసరికి తువ్వాలు కనపడదు. ఫ్రిజ్‌కి ఆనుకుని నిలబడి మంచినీళ్ళేవని నన్నడుగుతాడు. పైగా "నీదేటి, ఏసీలో కూకుని బొమ్మలు సూడ్డమే కదా" అంటాడు. ఎవరు ఎంత వాడుకున్నారో రాసుకునే సర్వర్ మా ఇంట్లో ఒకటుంటే, ఈయన కనెక్షన్ ఎప్పుడో కట్టయిపోయేది.

ఫోన్ వైపు ఎడమ చెయ్యి చాపాను. సరిగ్గా అప్పుడే గదిలోంచి మా అత్త సూర్యకాంతమ్మ కళ్ళజోడు ఎక్కడుందే సత్యా అని కేకేసింది. ఎటు వెళ్ళాలో తెలియక ఆగిపోయాను. ఆగితే కోపమొచ్చింది. ఆఫీసులో యంత్రానికైనా ఒక పద్ధతుంది. మొదటి సర్వర్‌ని మూడుసార్లు అడుగుతారు. పలక్కపోతే దాన్ని వదిలేసి, దానికి తోడుగా పెట్టిన రెండోదాన్ని అడుగుతారు. నాకు ఆ మాత్రం భాగ్యం కూడా లేదా? చెయ్యి వెనక్కి తీసుకుని ముద్ద నోట్లో పెట్టుకున్నాను. అబ్బ, ఆ వేడికి నాలుక చురుక్కుమంది. ప్రాణం లేచొచ్చింది.

అత్త రెండోసారి పిలిచింది. ఎదురుగా అప్పటికే తిని చెయ్యి కడుక్కుని కూర్చున్న మా ఆయన, అమ్మ పిలుస్తోందని నాకు తెలియజేశాడు. నేను ముల్లు తీసుకుంటున్నాను. మూడోసారి, పిల్లకి చెవుడొచ్చిందా ఏమిటని సణిగింది. నాలుగోసారికి పేరు మార్చింది.

"ఒరే అర్జునా, నా కళ్ళజోడు ఎక్కడుందిరా?"

మా ఆయన లేచాడు. ఇల్లంతా వెతుకుతాడని చూస్తున్నాను. తిన్నగా టీవీ వెనక చెయ్యి పెట్టి కళ్ళజోడు తీసి ఇచ్చి వచ్చాడు. ఎక్కడా తడుముకోలేదు. నాకు నవ్వొచ్చి ముల్లు గొంతులో పడబోయింది. ఇన్నేళ్ళూ తెలియదనుకున్నాను. అన్నీ తెలుసు ఈ మనిషికి, ఎవరూ అడగలేదంతే.

అంతలో ఫోన్‌కి సాయిశంకర్ మెసేజ్. సర్వర్ రీస్టార్ట్ చేశాడట, మళ్ళీ పలుకుతోందట, నాకు ఒంట్లో బాగానే ఉందా అని కంగారుపడ్డాడు. ఇంత బాగున్నది ఈ మధ్య లేదని జవాబు కొట్టాను. వచ్చే వారం నుంచి ఆదివారం అలర్టులకి ముందు మీ నంబరే పెడుతున్నానని కూడా రాశాను.

"అమ్మ అన్నిసార్లు పిలిస్తే ఇనపడనేదేటి?" అన్నాడు మా ఆయన, కూర్చుంటూ.

"ఇనపడిందండి," అని నా ఖాళీ కంచం ఆయన ముందుకు జరిపాను. "పులుసు గిన్నె ఎక్కడుందో కూడా మీకు తెలుసు. సల్లారకముందే ఇంకో ముక్క ఎయ్యండి."