రెండు చెవులూ తెరుచుకున్న రోజు

కత్తెర బాబాయికి చెవులు ఎప్పుడు మందగించాయో ఆయనకే సరిగా తెలియదు. మొదట్లో వీధిలో జనమంతా ఎందుకో గొంతు తగ్గించి మాట్లాడుకుంటున్నారనుకున్నాడు. ఇంట్లో పాత ఫ్యాను చప్పుడు మానేసి బుద్ధిగా తిరుగుతోందని మురిసిపోయాడు. ఒకరోజు తన సెలూన్‌లో అందరూ పగలబడి నవ్వుతుంటే, ఆ నవ్వు ఎందుకో తనకొక్కడికే తెలియలేదు. అప్పుడు గుండెల్లో రాయి పడింది.

వాళ్ళమ్మకీ ఇలాగే వచ్చింది. చివరికి ఇంట్లోవాళ్ళు ఆమెకు ఏదైనా చెప్పాలంటే, "ఆమెకెందుకులే, అరవలేక చావాలి" అని వదిలేసేవారు. అదంతా ఆయన కళ్ళారా చూశాడు. అందుకే సంగతి ఎవరికీ చెప్పకుండా కడుపులో దాచుకున్నాడు. ఎవరేం మాట్లాడినా పెదాలవైపు చూసి "అలాగా" అనేవాడు. మరీ తప్పకపోతే "చూద్దాంలే" అనేవాడు. మనుషులు తమ మాట వినేవాడు దొరికితే చాలనుకుంటారు కాబట్టి కొన్నాళ్ళు బండి సాఫీగానే నడిచింది.

కూతురి దగ్గర బోల్తాపడింది.

కూతురు పక్క వీధిలోనే ఉంటుంది. వాళ్ళింట్లో ఫ్రిజ్ నీళ్ళు కారుతోందని, కొత్తది కొనాలని నెలరోజులుగా అదే పాట పాడుతోంది. ఆ సాయంత్రం ఆయన కుళాయి తిప్పి మొహం కడుక్కుంటుంటే వెనకాల నిలబడి ఏదో చెప్పింది. తిరిగి చూస్తే పిల్ల మొహం వెలిగిపోతోంది. కొనేశారన్నమాట, అనుకున్నాడు.

"ఇప్పుడేం తొందరొచ్చిందమ్మా? ఇంకో ఏడాది ఆగితే ఏం పోయేది?" అన్నాడు.

ఆ పిల్ల మొహంలో నెత్తురుచుక్క లేదు. అయ్యో, మరీ మొహాన కొట్టినట్టు అన్నానే అని సర్దబోయాడు. "సరేలే, మీ ఇష్టం. తిప్పలు పడేది మీరేగా."

కూతురు సంచీ తీసుకుని వెళ్ళిపోయింది. వంటింట్లోంచి భార్య గరిటెతో సహా వచ్చి చేతులు తిప్పుతూ చాలాసేపు ఏదో అంది. ఆయన తుండుగుడ్డలో మొహం తుడుచుకుంటూ "చూద్దాంలే" అన్నాడు.

అంతే. ఆ తర్వాత భార్య ఆయనతో మాట్లాడటం మానేసింది. కంచం పెట్టే తీరులోనే కోపం తెలిసిపోతోంది. కూతురు ఈ గుమ్మం తొక్కలేదు. 'ముదనష్టపు ఫ్రిజ్! దానికోసం తల్లీకూతుళ్ళకి ఇంత అలకా!' అని ఆయనా బిగుసుకు కూర్చున్నాడు.

ఇంటి గొడవ ఇలా నలుగుతుండగా పోస్ట్‌మాన్ మీసం పోయింది.

ఆ మీసం మామూలు మీసం కాదు. కొనలు మెలితిరిగి, ఉత్తరాలకంటే ముందు అదే గుమ్మంలోకి వచ్చేది. ఆ ఉదయం పోస్ట్‌మాన్ కుర్చీలో వెనక్కి వాలి కళ్ళు మూసుకుంటూ, "జుట్టు బాగా తీసెయ్ బాబాయ్, మీసం జోలికి మాత్రం పోకు" అన్నాడు. బాబాయికి 'తీసెయ్', 'మీసం' అన్నవి మాత్రం లీలగా అందాయి. మళ్ళీ అడగడానికి నామోషీ అడ్డొచ్చింది. కత్తి ఒక్కసారి అలా జరిగిందో లేదో, సగం మీసం తువ్వాలు మీద పడింది.

పక్క కుర్చీ దగ్గర పనిచేస్తున్న బావమరిది చేతిలోంచి దువ్వెన జారిపోయింది. పోస్ట్‌మాన్ కళ్ళు తెరిచి అద్దంలో చూసుకుని వేసిన కేక మాత్రం బాబాయికి చక్కగా వినబడింది.

మిగతా సగం కూడా తీయక తప్పలేదు. పాపం ఆ పోస్ట్‌మాన్ బంగారంలాంటి మనిషి. పై పెదవి తడుముకుంటూ, "సర్లే, ఇంట్లోవాళ్ళు నన్ను గుర్తుపడితే లోపలికి రానిస్తారు. లేకపోతే వచ్చి నీ ఇంట్లో పడుకుంటా" అని నవ్వి వెళ్ళాడు.

బావమరిది షట్టరు సగం దించి, బాబాయి చెవి దగ్గర నోరు పెట్టి అరిచాడు. "బావా! నీకు వినబడటంలేదు కదూ?"

"అలాగా" అనబోయాడు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"మా అమ్మకీ ఇలాగే మొదలైందిరా."

"ముందు పద" అని బావమరిది ఆయన్ని రెక్క పట్టుకుని చెవుల డాక్టరమ్మ దగ్గరికి లాక్కెళ్ళాడు.

డాక్టరమ్మ దీపం పెట్టి ఒక చెవిలోకి చూసింది, రెండో చెవిలోకి చూసింది, పెదాలు బిగబట్టింది. బాబాయి ప్రాణం పైపైనే ఉంది. ఆవిడ చుక్కలేవో వేసి కాసేపు కూర్చోబెట్టింది. ఆ తర్వాత పిచికారీతో గోరువెచ్చని నీళ్ళు కొట్టింది. కింద పట్టిన గిన్నెలో నల్లటి ఉండ ఒకటి టప్పున పడింది. ఆ టప్పుమన్నది ఆయనకి వినబడింది!

"గుబిలి. ఏళ్ళ తరబడి పుల్లలు పెట్టి లోపలికి కూరారు. మీ కస్టమర్ల జుట్టు కూడా ఉందిందులో" అంది డాక్టరమ్మ రెండో చెవివైపు తిరుగుతూ.

"అంటే... చెవుడు కాదా అమ్మా?"

"అరవకండి. నాకు బాగానే వినబడుతుంది."

బావమరిది కుర్చీలోంచి జారిపడేంతగా నవ్వాడు. వాడి నవ్వులో చివర చిన్న ఈల ఉంటుందన్న సంగతే బాబాయి మర్చిపోయాడు.

బయటికొస్తే లోకమంతా ఒక్కసారిగా మీదపడింది. చెప్పుల కింద ఇసుక కరకరమంటోంది. ఎవరిదో సైకిలు చైను కీచుమంటోంది. మేడమీద ఒకావిడ తడిబట్ట దులిపితే ఫట్‌మంది. ఆయన ఆగి తలెత్తి చూసి, "మళ్ళీ ఓసారి దులపమ్మా" అన్నాడు. ఆవిడ ఇదేం చోద్యమన్నట్టు చూసి లోపలికి పోయింది. జేబులో తాళాలు గలగలలాడించుకుంటూ, ఆ చప్పుడుకి తానే మురిసిపోతూ నడిచాడు. ఇన్నాళ్ళూ ఇవన్నీ ఉత్తినే వస్తున్నాయి కదా, ఒక్కనాడైనా పట్టించుకున్నానా అనుకున్నాడు.

ఇంటి మెట్టెక్కుతుంటే లోపల భార్య ఫోనులో మాట్లాడటం వినిపించింది. ఆ గొంతు విని ఎన్నాళ్ళయిందో! తిట్లయినా సరే, కాసేపు విందామని గుమ్మం దగ్గరే ఆగాడు.

"ఏడవకే తల్లీ. ఆయన సంగతి వదిలెయ్. తాతవి కాబోతున్నావని కన్నకూతురు చెప్తే ఏడాది ఆగాల్సింది అంటాడా? రాతిమనిషి!"

బాబాయి గోడ పట్టుకున్నాడు. తర్వాత ఎక్కడలేని సత్తువా వచ్చింది.

"నేను ఫ్రిజ్ అనుకున్నానే!" అని గుమ్మంలోంచే కేకేశాడు.

భార్య ఫోను చెవి దగ్గర పెట్టుకునే నోరు తెరిచి చూసింది. జరిగింది చెప్పడానికి ఆయన ఆగలేదు. వచ్చినదారినే పరుగు. వెనకాల "ఏమండీ! ఏమండీ!" అని ఆమె పిలుస్తుంటే ఆ పిలుపు కూడా హాయిగా ఉంది.

కూతురు తలుపు తీసింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అమ్మలూ, ఆ రోజు చెప్పావే, అది మళ్ళీ చెప్పు."

"ఎందుకు? ఆగమన్నావుగా."

"ఆగమన్నది ఫ్రిజ్‌ని తల్లీ! నాకు చెవులు మూసుకుపోయాయి. కుళాయి చప్పుడు కూడా నాకు అందలేదు. మా అమ్మకి వచ్చినట్టే నాకూ చెవుడొస్తోందని, మీరూ నన్ను వదిలేస్తారని భయపడి ఎవరికీ చెప్పలేదు."

ఆ పిల్ల తండ్రిని తేరిపార చూసింది. ముందు నవ్వొచ్చింది, దాని వెంటే ఏడుపొచ్చింది. రెండూ కలిసి ఎక్కిళ్ళు మొదలయ్యాయి. అల్లుడు మంచినీళ్ళు పట్టుకొచ్చి, అత్తగారింటివైపు మనుషులంతా ఇంతేనా అన్నట్టు నిలబడ్డాడు. అప్పటికే భార్య కూడా ఆయాసపడుతూ వచ్చి, వెనకాల నిలబడి ఆ మాటలన్నీ వినేసింది.

కూతురు ఆయన చెవి దగ్గరికి వంగి గట్టిగా చెప్పబోయింది.

"గట్టిగా వద్దు. మామూలుగా చెప్పు. మామూలుగా చెప్తే వినాలనుంది."

"నాన్నా," అంది మెల్లగా, "నువ్వు తాతవి కాబోతున్నావు."

ఆయన అక్కడే గడపమీద చతికిలబడ్డాడు. భార్య కొంగుతో ఆయన కళ్ళు తుడుస్తూ, "ఇంత వయసొచ్చి చెవి నొప్పో చెముడో పెళ్ళానికి చెప్పుకోలేరూ!" అని మొదలుపెట్టి, ఇన్నాళ్ళ బాకీ అంతా కలిపి తిట్టింది. ఒక్క ముక్క పోకుండా అంతా విన్నాడు.

తర్వాతి వారం స్కానింగ్‌కి నలుగురూ వెళ్ళారు. గదిలోకి ఇంతమంది కుదరదని నర్సు అంటే, బాబాయి బతిమాలి ఒక మూల ఒదిగి నిలబడ్డాడు. మిషన్లోంచి బిడ్డ గుండె చప్పుడు మొదలైంది. దబదబదబ, చిన్నది, జోరైనది.

"అబ్బో, ఎవరో తరుముతున్నట్టు పరుగెడుతున్నాడే!" అన్నాడు గుసగుసగా.

కూతురు ఫక్కున నవ్వింది. పొట్ట కదిలి తెరమీద బొమ్మంతా చెదిరిపోయింది. "నవ్వకమ్మా, చూడాలి కదా" అని కసిరిన స్కానింగ్ డాక్టరే ఆపుకోలేక తనూ నవ్వేసింది.