కొండెక్కిన పోపుల పెట్టె

నేను ఒక పోపుల పెట్టెను. గుండ్రంగా, తళతళలాడుతూ, పొట్టలో ఏడు చిన్న గిన్నెలూ ఒక బుల్లి చెంచా పెట్టుకుని పుట్టాను. అందం సంగతి ఎలా ఉన్నా, నా గొప్పంతా నా మూతలో ఉంది. ఒకసారి నొక్కి బిగిస్తే లోపలి వాసన బయటికి రాదు, బయటి తేమ లోపలికి పోదు. మనుషులు కూడా ఇలా నోరు బిగించుకోగలిగితే చాలా ఇళ్లలో గొడవలే ఉండేవి కావు. ఇది నా అభిప్రాయం, నన్నెవరూ అడగలేదు.

నన్ను తయారుచేసిన కార్ఖానా అంతగా గుర్తులేదు. కాకినాడలో స్టీలు సామాన్ల కొట్టు మాత్రం బాగా గుర్తుంది. ఒకరోజు కామాక్షమ్మగారు అనే పెద్దావిడ ఆ కొట్టుకు వచ్చి, వరసగా ఉన్న పోపుల పెట్టెల్ని ఒక్కొక్కదాన్నీ మూత పట్టుకుని పైకెత్తి చూశారు. నా ముందున్నవన్నీ మూత ఊడి గల్లుమని బల్ల మీద పడ్డాయి. నేను ఒక్కదాన్నే ఊడకుండా వేలాడాను.

"ఇదీ పెట్టంటే. దీని మీద మా పిల్ల పేరు కొట్టవయ్యా," అన్నారావిడ.

కొట్టతను కరెంటుతో నడిచే సూదిమరొకటి తీసి, బుర్రుమనిపిస్తూ నా మూత మధ్యలో చుక్కలు చుక్కలుగా 'హైమవతి' అని కొట్టాడు. చక్కిలిగింతలు పెట్టినట్టయింది. స్టీలు సామాను కొంటే పేరు కొట్టించకుండా ఇంటికి తేవడం మన వాళ్లకు తెలియదు. పెళ్లిళ్లలోనూ పేరంటాల్లోనూ ఒకరి గిన్నె ఇంకొకరింటికి పోతుందని భయం. నేను వెళ్లేది నార్వేకు. అక్కడ నన్నెవరు పేరంటానికి అడుగుతారో కామాక్షమ్మగారు ఆలోచించలేదు.

హైమవతి ఆవిడ చెల్లెలి కూతురు. పెళ్లై, భర్త ఉమాకాంత్‌తో బెర్గెన్ అనే ఊరికి కాపురానికి వెళ్తూ నన్ను చీరల మధ్య పెట్టి తీసుకెళ్లింది. బెర్గెన్‌లో సముద్రం ఉంది, చుట్టూ కొండలున్నాయి, మిగిలిన జాగా అంతా వాన. ఆ ఊళ్లో ఒక చిన్నపిల్లల బడిలో హైమ ఉద్యోగం చేసేది. సాయంత్రం ఇంటికొచ్చి నా మూత తీసేసరికి ఆ చలి వంటింట్లో ఆవాలు చిటపటమనేవి. ఉమాకాంత్ బల్ల దగ్గర కూర్చుని, ఆకలి ఆగక, చెంచాతో కంచం మీద వాయించేవాడు. టక్, టక్, టకటక టక్. ఎప్పుడూ అదే వరస.

"ఆ చప్పుడు ఆపుతారా? నా ప్రాణం తోడేస్తోంది," అనేది హైమ.

ఆపేవాడు. పప్పు వచ్చేలోపు మళ్లీ మొదలయ్యేది.

ఉమాకాంత్ ఇంజనీరు. మంచులో, చీకట్లో ఓడలు దారి తప్పకుండా చూసే పరికరాలు తయారుచెయ్యడం అతని పని. సోమవారం నుంచి శుక్రవారం దాకా అతను పెద్దమనిషి. శనాదివారాల్లో మాత్రం రెండు పిచ్చులు పూనేవి. ఒకటి కొండలెక్కడం. రెండోది ఇంట్లో ఏదో ఒక యంత్రం తయారుచెయ్యడం. ఎక్కే కొండ వల్ల ఎవరికీ నష్టం లేదు. యంత్రాల సంగతి అలా చెప్పలేను.

హైమ ఎంతో ముచ్చటపడి పెంచుకున్న కరివేపాకు మొక్క ఉండేది. దానికి వేళకు నీళ్లు పోస్తుందని ఉమాకాంత్ ఒక యంత్రం చేశాడు. వాళ్లిద్దరూ ఊరెళ్లి వచ్చేసరికి అది వేళకే కాదు, వేళ కాని వేళ కూడా పోసింది. మొక్క కుళ్లిపోయింది. ఆ వారమంతా ఇంట్లో తాలింపులు కరివేపాకు లేకుండా, మాటలు ముక్తసరిగా నడిచాయి. తర్వాత హైమ గాజు మూత ఉన్న కొత్త పోపుల పెట్టె కొనుక్కుంది. లోపల ఏముందో మూత తీయకుండానే కనపడుతుందట. నన్ను ఉమాకాంత్ తన పనిబల్ల మీదకు తీసుకెళ్లాడు. ఆవాల గిన్నెలో మరమేకులు, మెంతుల గిన్నెలో బుల్లి బుల్లి దీపాలు, పసుపు గిన్నెలో తీగముక్కలు పోశాడు. ఎంత కడిగినా పసుపు పసుపే కాబట్టి అతని తీగలన్నీ శుభకార్యానికి సిద్ధమైనట్టు ఉండేవి.

అసలు కథ అతను ఒకసారి దారి తప్పడంతో మొదలైంది. కొండ మీద మంచు కమ్మి, ఒక కాలిబాట అనుకుని ఇంకో కాలిబాట పట్టి, అవతలి లోయలో తేలాడు. ఫోను అందలేదు. అతను ఇల్లు చేరేసరికి హైమ కిటికీ దగ్గర నిలబడే ఉంది. అన్నం వడ్డించింది, తిన్నాక మాట్లాడింది.

"ఓడలన్నిటికీ దారి చూపిస్తారు. మీ దారి మీకు తెలీదు. ఇక్కడ నాకెవరున్నారండి? మీరు ఎక్కడున్నారో నాకు కనపడాలి. కనపడకపోతే వచ్చే వారం నుంచి కొండా లేదు, గిండా లేదు."

ఆ మాటలో కోపం తక్కువ, భయం ఎక్కువ. అది ఉమాకాంత్‌కు అర్థమైంది. కొండ లేని ఆదివారం ఎలా ఉంటుందో కూడా అర్థమై అతని మొహం పాలిపోయింది. వెంటనే ఓ యంత్రం మొదలుపెట్టాడు. అది ఆకాశంలో ఉపగ్రహాల్ని చూసి తానెక్కడుందో తెలుసుకుని, రేడియోలో చెబుతుంది. ఊళ్లో ఇలాంటి సరదా ఉన్నవాళ్లు కొండ కొమ్మున పెట్టుకున్న రేడియో ఒకటి ఆ మాట అందుకుని, ఇతని వంటింటి కిటికీలో పెట్టిన ఇంకో రేడియో దాకా చేరవేస్తుంది. హైమ ఫోనులో ఒక ఎర్ర చుక్క కదులుతుంది. ఆ చుక్కే మొగుడు.

యంత్రం బాగానే కుదిరింది. దాన్ని పెట్టుకోవడానికి అచ్చుపోసిన ప్లాస్టిక్ డబ్బాలే బెర్గెన్ వానకు ఆగలేదు. ఒకదాంట్లోకి నీళ్లు పోయాయి, రెండోది పగిలింది. అప్పుడతని చూపు నా మీద పడింది. గిన్నెలు తీసేసి యంత్రాన్ని నా పొట్టలో కూర్చోబెట్టాడు. సరిగ్గా సరిపోయింది. రేడియో తీగ నిటారుగా నిలబడాలంటే మూత మధ్యలోనే చిల్లు పెట్టాలంటూ డ్రిల్లు తీశాడు. హైమ చూసింది.

"మా పెద్దమ్మ కొట్టించిన పేరండి అది. నా పేరు మీద చిల్లు పెడతారా?"

ఉమాకాంత్ డ్రిల్లు కింద పెట్టేశాడు. చిల్లు పక్కన ఎక్కడైనా పెట్టొచ్చు గానీ, అది శనివారం పొద్దున్న, ఎండ కాసింది, ఆ ఊళ్లో ఎండ కాస్తే ఎవరూ ఇంట్లో ఆగరు. చిల్లు సంగతి తర్వాత చూద్దామని, మూత ఒక పక్క కొంచెం ఎత్తి ఉంచి, ఆ సందులోంచి తీగ కొస బయటికి లాగి, చుట్టూ రబ్బరు బ్యాండు వేశాడు. నా జీవితంలో మొదటిసారి నేను నోరు తెరుచుకుని వీధిలోకి వెళ్లాను.

కొండ ఎక్కుతుంటే భలే సరదాగా ఉంది. ఊళ్లో పక్కింటివాళ్లను చూసి కూడా తల తిప్పుకునే జనం కొండ మీద ఎదురైన ప్రతివాళ్లనూ పలకరిస్తారు. ఎత్తుకు పోయేకొద్దీ మర్యాద పెరుగుతుందేమో. మధ్యలో ఉమాకాంత్ ఇంటికి ఫోను చేశాడు.

"కనపడుతున్నానా?"

"కనపడుతున్నారు. చెరువు పక్కన ఉన్నారు. బూట్ల తాడు కట్టుకోండి."

"తాడు కూడా కనపడుతోందా?"

"అది చూడక్కర్లేదు. మీరెప్పుడు కట్టుకున్నారు గనక?"

నవ్వుకుంటూ ఫోను పెట్టేసి, తాడు కట్టుకోకుండానే నడిచాడు. శిఖరం దాటి అవతలి వాలులోకి దిగాక వాన వచ్చింది. చిన్న వాన కాదు. ఉమాకాంత్ తన నెత్తిన టోపీ కూడా పెట్టుకోకుండా ముందు నన్ను సంచీలోంచి తీశాడు. పాపం, యంత్రం తడుస్తుందని బెంగ. తీగ లోపలికి తోసి, మూత సర్ది, రెండు చేతులతో గట్టిగా నొక్కాడు. నేను టప్పుమని బిగుసుకున్నాను. కామాక్షమ్మగారు మెచ్చిన మూత. చుక్క నీరు రాదు. ఇంగువ వాసనే దాటలేని చోట రేడియో మాట ఎక్కడ దాటుతుంది? లోపల యంత్రం ఉపగ్రహాల కోసం తడుముకుంటోంది. నేను నా పని ఎంతో శ్రద్ధగా చేస్తున్నాను.

అదే సమయంలో వంటింట్లో ఎర్ర చుక్క మాయమైంది.

ఇవతల ఉమాకాంత్ తడిరాయి మీద కాలు పెట్టాడు. ఊడిన తాడు మీద రెండో కాలు పడింది. చీలమండ మెలిపడి కూలబడ్డాడు. లేవబోతే నిలబడలేకపోయాడు. మంచు కమ్మేసింది, ఫోను అందలేదు. అయినా అతనికి దిగులు లేదు. హైమ చుక్కను చూస్తోంది కదా. చుక్క కదలకపోతే తనే కనిపెడుతుంది. బండను ఆనుకుని కూర్చుని, సంచీలోంచి దద్దోజనం, దాంతోపాటు తెచ్చుకున్న నా బుల్లి చెంచా తీసి, తీరిగ్గా తిన్నాడు. తినడం అయ్యాక యంత్రం ఎలా ఉందో చూద్దామని నా మూత లాగాడు.

లోపల దీపం ఆరిపోయింది. వెతికి వెతికి బ్యాటరీ అయిపోయింది. ఉమాకాంత్ చేతిలో ఉన్న మూత వంక చూశాడు, నా వంక చూశాడు. ఓడలకు దారి చూపించే ఇంజనీరు రేడియోని స్టీలు పెట్టెలో పెట్టి మూత బిగించాడు. ముందు పడీపడీ నవ్వాడు. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది. ఇంట్లో చుక్క ఎప్పుడు మాయమైందో, అప్పటినుంచి ఆమె ఎలా ఉండి ఉంటుందో తట్టింది.

"హైమా," అన్నాడు. వినేవాళ్లు లేరు. ఒకటి రెండుసార్లు కేకవేశాడు, గాలి మింగేసింది. కుంటుతూ పోదామంటే బాట కనపడలేదు.

ఇక అక్కడే కూర్చున్నాడు. ఒడిలో నా మూత, చేతిలో చెంచా. ఏం చెయ్యాలో తోచనప్పుడు మనిషి చెయ్యి తనకు తెలిసిన పని తను చేసుకుంటుంది. టక్, టక్, టకటక టక్. అతను ఎవరినీ పిలవడం లేదు. వాయిస్తున్నట్టు అతనికే తెలియదు. స్టీలు మూత మీద ఆ చప్పుడు మంచులోకి ఖంగుఖంగున వెళ్లింది. నాలోంచి ఏదీ బయటికి పోదనుకున్నాను గానీ, నా మీంచి పోయింది.

అవతల ఏం జరిగిందో తర్వాత వాళ్ల మాటల్లో విన్నాను. చుక్క పోగానే హైమ, "మళ్లీ కరివేపాకు యంత్రమే," అని విసుక్కుందట. ఫోను అందకపోయేసరికి విసుగు కాస్తా భయమైంది. వానకోటు వేసుకుని కింది వాటా రాగ్నిల్డ్ తలుపు కొట్టింది. ఆవిడ డెబ్బై దాటిన మనిషి, ఆ కొండల్లో పుట్టి పెరిగింది.

"చివరి చుక్క ఎక్కడుందో చూపించు. ముందు అక్కడికి పోదాం. దొరక్కపోతే రక్షకదళానికి ఫోను చేద్దాం. బూట్లు మార్చుకో," అందట రాగ్నిల్డ్.

కొండ అంటే ఆమడ దూరం పరిగెత్తే హైమ ఆ ముసలావిడ వెనక కొండెక్కింది. చివరి చుక్క ఉన్న చోట మంచు తప్ప ఏమీ లేదు. రాగ్నిల్డ్ ఫోను తీయబోయింది. హైమ ఆవిడ చెయ్యి పట్టుకుని ఆపింది.

"ఉండండి. ఆ చప్పుడు మా ఆయనది."

"ఏం చప్పుడు?"

"ఆకలి చప్పుడు," అని మంచులోకి నడిచింది.

ముందు నాకు ఆమె వానకోటు కనపడింది, తర్వాత మొహం. ఉమాకాంత్ చెంచా ఆపేశాడు. ఆమె వచ్చి అతని పక్కన తడిరాతి మీద కూలబడి, వీపు మీద ఒక్కటిచ్చి, ఆ వీపు మీదే తల పెట్టుకుని ఏడ్చింది. రాగ్నిల్డ్ మర్యాదగా అటు తిరిగి ఫ్లాస్కులో కాఫీ పోసింది.

"మూత బిగించాను హైమా. తడుస్తుందని. చిల్లు పెట్టి ఉంటే సరిపోయేది," అన్నాడు ఉమాకాంత్.

ఆమె కళ్లు తుడుచుకుని మూత అందుకుంది. తన పేరు వంక చూసుకుంది.

ఇద్దరాడవాళ్లూ చెరో పక్క పట్టుకుని అతన్ని దించారు. బెణికిన కాలు తగ్గుతుండగా ఒక ఆదివారం పొద్దున్న హైమ నన్ను బల్ల మీద పెట్టి డ్రిల్లు తీసుకుంది.

"పక్కన పెడదాం. పేరు చెడిపోతుంది," అన్నాడు ఉమాకాంత్.

"పేరు మీదే పెడతాను. మధ్యలో ఉంటేనే తీగ నిటారుగా నిలబడుతుందని మీరేగా అన్నారు. పేరుదేముంది, నా మొగుడి కంటే ఎక్కువా? గట్టిగా పట్టుకోండి," అంది.

నొప్పి పుట్టిందని అబద్ధం చెప్పను. మొదటిసారి లాగే చక్కిలిగింతలు పెట్టినట్టయింది. హైమవతి పేరు నడుమ నుంచి రేడియో తీగ ఇప్పుడు ఠీవిగా పైకి లేచి ఉంటుంది. కామాక్షమ్మగారికి ఫొటో మాత్రం పంపలేదు.

ఇప్పుడు ప్రతి ఆదివారం నేను కొండ మీదికి వెళ్తాను. ఎక్కడున్నానో క్షణక్షణం చెబుతూనే ఉంటాను. వంటింటి కిటికీ దగ్గర దాన్ని చూసేవాళ్లు మాత్రం లేరు. చూడాల్సిన మనిషి ఇక్కడే, అతని ముందు నడుస్తూ, తాడు కట్టుకోమని వెనక్కి తిరిగి చెబుతోంది. నన్ను ఇంట్లో వదిలేద్దామని ఇద్దరిలో ఎవరూ అనరు. బండ మీద కూర్చుని ఆమె పులిహోర మూట విప్పుతుంటే అతను చెంచాతో నా మీద వాయిస్తాడు. టక్, టక్, టకటక టక్. ఆమె ఆపమనదు. ఎప్పుడైనా అతనే మరిచిపోయి ఊరుకుంటే, చేస్తున్న పని ఆపి ఒకసారి తలెత్తి చూస్తుంది.