కట్ట అంటే యాభై

విరిగింది నా చెయ్యి. దాని గురించి తీర్మానాలు చేసింది మాత్రం మిగతావాళ్లంతా.

పాల్వంచలో ఒక బడిలో పిల్లలకు మధ్యాహ్నం అన్నం వండేది నేనూ నాగక్కా. నాగక్కకు నడుము నొప్పి, అందుకని కూరగాయలు కోస్తుంది, పప్పు చూసుకుంటుంది. అన్నం వండే పెద్ద గుండిగ దించడం, గంజి వంచడం నా పని. పదకొండేళ్లుగా నాదే. నీళ్లపంపు దగ్గర జారిపడి కుడి చెయ్యి విరిగింది. నెలన్నర తర్వాత కట్టు విప్పితే లోపల ఎండిన చితుకులాంటి చెయ్యి ఉంది. చెంబు పట్టుకుంటే వణికింది.

పెద్దసారు మంచివాడే. అదే కష్టం, మంచివాళ్లతో కొట్లాడలేం.

"నెల చూస్త జంపక్కా. గంజి ఒక్కదానివే వంచినవనుకో, నీ పని నీకే. లేకుంటే వేరే ఆమెను పెట్టుకుంట. కాగే గంజి, పిల్లలు తిరుగుతుంటరు. రిస్క్ తీసుకోలేను" అన్నాడు.

మా ఆయన సీతయ్యది ఫ్యాక్టరీలో నైట్ డ్యూటీ. పొద్దున ఇంటికొచ్చి విషయం విని, "పోనియ్. శాన చేసినవ్. ఇగ కూసో" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. కాలు విరిగినవాళ్లను కూర్చోమంటే అర్థం ఉంది, చెయ్యి విరిగినదాన్ని ఎందుకు కూర్చోమంటారు? నాకు జాలి వద్దు, నా గరిటె కావాలి.

దవాఖానాలో కసరత్తు నేర్పే డాక్టరు పేరు నాగచైతన్య. మా బడిలో తిని పెద్దయిన పిల్లల వయసుంటుంది. పసుపు రంగు రబ్బరు పట్టీ ఒకటి ఇచ్చి, కిటికీ ఊచకు కట్టుకుని లాగమన్నాడు. మెల్లగా లాగాలి, మెల్లగా వదలాలి. రోజుకు మూడు సెట్లు. సెట్టుకు ఎన్నో ఇంగ్లిషులో గబగబా చెప్పి తర్వాతి మనిషిని పిలిచాడు. నాకు ఫిఫ్టీ అని వినపడింది.

అనుమానం రాలేదు. ఎందుకు వస్తుంది? మాది భద్రాచలం అవతల అడవి ఊరు. ఎండాకాలం బీడీలు చుట్టే తునికాకు కోసి కట్టలు కట్టేవాళ్లం. కట్టకు యాభై ఆకులు. నలభై తొమ్మిది ఉంటే అది కట్ట కాదు, ఆకు కొనే కల్లంలో పక్కకు విసిరేసేవారు. మా అమ్మ భీమక్క నాకు నేర్పిన మొదటి లెక్క అదే. సెట్టు అంటే కట్ట అన్నమాట అనుకుని ఇంటికొచ్చాను.

మేముండేది ఒక్క గది. సగం మంచానికి, పావు పొయ్యికీ బియ్యం డబ్బాకూ పోతుంది. మిగిలిన చోట నేను నిలబడాలి. మోచెయ్యి వెనక్కి లాగితే గిన్నెల స్టాండు తగులుతుంది, ముందుకు చాపితే నిద్రపోతున్న సీతయ్య కాళ్లు. గిన్నెల స్టాండును మంచం కిందికి తోశాను. బజారుకెళ్లి, పిడికిలితో నొక్కే స్ప్రింగు పిడి కూడా ఒకటి కొన్నాను.

షాపతను నవ్వాడు. "జిమ్ము పెడ్తున్నవా అక్కా?"

"అవ్. నువ్వు గూడ రా, పొట్ట తగ్గుతది."

మొదటి వారం మూడో కట్టకొచ్చేసరికి ఏడుపొచ్చేది. ఏడ్చాను కూడా. లెక్క మాత్రం తప్పలేదు.

ఇంటి ఓనరు రాఘవమ్మ కిటికీ బయట నిలబడింది ఒకరోజు. కోస్తా నుంచి వచ్చి ఇక్కడ ఇళ్లు కట్టుకున్న మనిషి.

"ఏంటి జంపక్కా, మా కిటికీతో కుస్తీ పడుతున్నావు? ఊచ ఊడొస్తే ఎవరు పెట్టిస్తారు?"

"ఊచ ఊడేంత బలమొచ్చిందంటే మీ గుమ్మానికి కొబ్బరికాయ కొడ్త అమ్మా."

"ఈ వయసులో నీకివన్నీ ఎందుకు? దారినపోయేవాళ్లు చూసి నవ్వుతారు. కనీసం కిటికీ రెక్క వేసుకో."

"నవ్వనియ్యుండ్రి. మంచిగ కనపడాలని రెక్క తీసే పెట్టిన."

ఆమెతో మాటల్లో పడి లెక్క మరిచాను. ఎక్కడున్నానో తెలియక పట్టీ పట్టుకుని నిలబడిపోయాను. ముసుగు లోపలి నుంచి సీతయ్య గొంతు వచ్చింది.

"ముప్పై రెండు."

పడుకున్నాడనుకున్న మనిషి లెక్కపెడుతున్నాడు. ఆ తర్వాత కూర్చోమనడం మానేశాడు.

మూడు వారాలకు దవాఖానాకు వెళ్తే డాక్టరు నా చెయ్యి పట్టి అటూ ఇటూ తిప్పాడు. మళ్లీ తిప్పాడు.

"ఎన్ని చేస్తున్నవమ్మా?"

"రోజుకు మూడు కట్టలు."

"కట్టలేంది?"

"కట్టంటే యాభై గద."

అతని మొహం మారిపోయింది. "అమ్మా! నేను ఫిఫ్టీన్ అన్న. పదిహేను! గిట్ల చేస్తే చెయ్యి వాస్తది. నొప్పి లేదా నీకు?"

"ఉంది. ఎండల ఆకు ఏరేటప్పుడు గూడ ఉండె."

నా అదృష్టం బాగుండి వాపు రాలేదన్నాడు. చాలాసేపు తిట్టాడు. తిడుతూనే పసుపు పట్టీ తీసుకుని, ఇంకా గట్టిగా ఉండే ఎర్ర పట్టీ ఇచ్చాడు. "ఇది పదిహేనే. తెలిసిందా?"

అవ్ అన్నాను. ఆ మాట నిలబెట్టుకున్నాను కూడా, చెయ్యి నాది కాబట్టి. కానీ పదిహేను దగ్గర ఆగడం యాభై లాగడం కంటే కష్టమైంది.

నెల నిండిన రోజు వంటపాకలో పెద్దసారు, నాగక్క నిలబడ్డారు. అన్నం ఉడికింది.

"సగం తోడేసి వంచు, చాలు" అన్నాడు సారు.

"సగం తింటరా పిల్లలు? పక్కకు జరుగుండ్రి."

గుడ్డలతో అంచులు పట్టుకుని గుండిగను గట్టు మీదికి దించాను. మూత నొక్కి బకెట్టులోకి వంచాను. ఎత్తడం ఒక్క క్షణం పని. గంజి ఆఖరి చుక్క వరకూ వంచి పట్టుకోవడమే అసలు పని. ఆవిరి మొహానికి కొట్టింది. మనసులో లెక్క మొదలుపెట్టాను. ఇరవై దగ్గర మణికట్టు వణికింది. నాగక్క చెయ్యి అందించబోతే కళ్లతోనే ఆపాను. ముప్పై ఐదు దగ్గర ధార చుక్కలైంది. నలభై దగ్గర ఆగిపోయింది.

"అయిపోయింది జంపక్కా. దించు" అన్నాడు సారు.

"కట్ట కాలే సారూ."

"ఏం కట్ట?"

జవాబు చెప్తే లెక్క తప్పుతుంది. నలభై ఏడు. నలభై ఎనిమిది. చుక్క గంజి లేని గుండిగను పట్టుకుని, ఆయన కళ్లలోకి చూస్తూ నిలబడ్డాను. యాభైకి నిలబెట్టి, మూత తీసి, నాగక్క చేతిలోంచి గరిటె తీసుకున్నాను.

"పిల్లలను పిలువుండ్రి సారూ, అన్నం సల్లారుతది."