మరో మూడు కాలేజీలు

ఆ కాలేజీలో ఇప్పుడు విద్యార్థులు లేరు. ఇబ్రహీంపట్నం దాటాక సాగర్ రోడ్డు వదిలి లోపలికి పోతే, గుట్ట పక్కన కనిపించే నాలుగంతస్తుల భవనం అది. ఏటా చేరేవాళ్ళు తగ్గుతూ వచ్చి, చివరికి గేటు తెరవడమే మానేశారు. తరువాత యాజమాన్యం గదుల్ని అద్దెకిచ్చింది. ఒకదాంట్లో విత్తనాల బస్తాలు, మరోదాంట్లో పెళ్ళిళ్ళ షామియానాలు, రెండో అంతస్తులోని డ్రాయింగ్ హాల్లో లిఖిత అనే అమ్మాయి పెట్టిన చిన్న కంపెనీ.

సాల్మన్ రాజు ఇంజనీరింగ్ చదివింది ఇక్కడే. మెట్లెక్కుతుంటే మలుపులు కాళ్ళకు గుర్తున్నాయి. తనకు తెలియకుండా తన శరీరం ఏదైనా దాచిపెట్టుకుందని తెలిస్తే అతనికి ఎప్పుడూ కొంచెం భయం వేస్తుంది.

పదేళ్ళకు పైగా అతను మాదాపూర్‌లో ఒకే కంపెనీలో పనిచేశాడు. నందిని మొదలుపెట్టిన కంపెనీ. అతను అందులో మొదటి ఇంజనీరు. రెండేళ్ళ క్రితం దాన్ని ఒక పెద్ద కంపెనీ కొనుక్కుంది. అతని షేర్లు డబ్బుగా మారాయి. ఉద్యోగం మానేసి బొంగులూరు దగ్గర ఒక ఫ్లాటులో ఒంటరిగా ఉంటున్నాడు. పొద్దున లేస్తే చేయాల్సిన పని ఏదీ ఉండదు. ఆ ఖాళీని అతను విశ్రాంతి అని పిలుచుకుంటున్నాడు.

నందిని ఇప్పుడు కొత్త కంపెనీల్లో పెట్టుబడి పెడుతోంది. అతన్నీ రమ్మంది. కొన్నాళ్ళు తిరిగి మనుషుల్ని చూసి, ఇష్టమైతే తనతో కలిసి పెట్టమంది. ఒక్క విషయం మాత్రం గట్టిగా చెప్పింది.

"ఎవ్వరికీ వద్దు అని చెప్పకు రాజూ. ఈరోజు పనికిరాడనుకున్నోడు రేపు ఎక్కడుంటడో నీకు తెల్వదు, నాకు తెల్వదు. ఏదో ఒక షరతు పెట్టు. ఇన్ని ఆర్డర్లు తెస్తే చూద్దాం అను. మంచిగ నవ్వి అను."

"నిజంగనే తెస్తే?"

"తేరు. తెచ్చేటోళ్ళు మన దాకా రారు."

ఆ మాట అతనికి అప్పుడు దయలాగే వినిపించింది. కంపెనీ మొదలైన రోజుల్లో నందిని పక్కన కూర్చుని అతను చాలా గదుల్లో 'వద్దు' విన్నాడు. ఒకాయనైతే తల కూడా ఎత్తకుండా, ఫోను చూసుకుంటూ అన్నాడు. ఆ రోజు లిఫ్టులో నందిని ఏడవలేదు, కానీ ఇద్దరూ ఏ బటనూ నొక్కకుండా చాలాసేపు నిలబడిపోయారు. తాను ఎవరినీ అలా నిలబెట్టకూడదని అతను అప్పుడే అనుకున్నాడు.

డ్రాయింగ్ హాల్లో పాత బల్లలు ఇంకా వాలుగానే ఉన్నాయి. లాప్‌టాప్ జారిపోకుండా లిఖిత దానికింద పుస్తకాలు పేర్చింది. గోడమీది తెరపై చుట్టుపక్కల రోడ్ల పటం, దానిమీద మెల్లగా కదిలే పచ్చని చుక్కలు.

"గిది యాచారం బస్సన్నా. గది తుక్కుగూడ నుంచి వస్తది. పిల్లలు ఎండల నిలబడే పనిలేదు. బస్సు ఎక్కడుందో ఫోన్ల చూస్కొని ఇంట్లకెళ్ళి బయలుదేరుతరు. అమ్మనాయినలు గూడ చూస్కోవచ్చు."

"డ్రైవర్లకే మస్తు కోపమన్నా," అన్నాడు కిటికీకి ఆనుకుని నిలబడ్డ తిరుమల్. కోడ్ రాసేది అతనే. "ఇంతకుముందు మంచిగ బండి ఆపి చాయ్ తాగేటోళ్ళు. ఇప్పుడు చాయ్ తాగినా ఊరందరికి తెలుస్తది."

ముగ్గురూ నవ్వారు. ఆ నవ్వు ఆగకముందే సాల్మన్ రాజుకు అర్థమైపోయింది. ఇది నిలబడదు. కాలేజీలు ఒకటొకటిగా మూతపడుతున్నాయి. తాము కూర్చున్న హాలే దానికి సాక్ష్యం. పైగా కొత్త బస్సులకు ఈ సదుపాయం తయారీదారులే ఊరికే ఇస్తారు. ఏడాదో, అంతకన్నా తక్కువో.

తలెత్తాడు. లిఖిత అతని మొహాన్నే చూస్తోంది. తెరను చూపించడం మానేసి, చేతులు బల్లమీద పెట్టి, ఊపిరి కూడా జాగ్రత్తగా తీసుకుంటూ చూస్తోంది. చాలాకాలంగా అతన్ని ఎవరూ అలా చూడలేదు. అతని లోపల ఏదో వెచ్చగా కదిలింది. దాన్ని జాలి అనుకున్నాడు.

"బాగుంది. మీకిప్పుడు రెండు కాలేజీలున్నయి గదా," అన్నాడు నవ్వుతూ. "మరో మూడు కాలేజీలు రానియ్యి. అప్పుడు కూసొని మాట్లాడుదాం."

మూడు అనే అంకె ఎక్కడినుంచి వచ్చిందో అతనికి తెలియదు. నాలుగు అని కూడా అనగలిగేవాడు.

కిందికి దిగి కారు దగ్గర తాళాలు వెతుక్కుంటుంటే, పై వరండాలో వాళ్ళ మాటలు వినిపించాయి.

"ఆయన ఇయ్యడక్కా. చెప్తున్న విను."

"ఇయ్యకపోతే మూడు అని ఎందుకంటడురా? ఇష్టం లేనోడు లేదని పోతడు. ఊకెనే లెక్క చెప్పి పోతరా ఎవలన్న?"

"పెద్దోళ్ళు గట్లనే అంటరు."

"ఆయన మన కాలేజోడే. మంది లెక్క కాదు. నువ్వు గా పాలిటెక్నిక్‌కు ఫోన్ చెయ్యి ముందు."

తాళాలు జేబులోనే ఉన్నాయి. అతను వెనక్కి వెళ్ళి పైకి చూసి ఒక్క మాట చెప్పి ఉండొచ్చు. కారెక్కాడు.

ఆ ఆదివారం చర్చి అయ్యాక అక్క స్టెల్లా ఇంట్లో భోజనం. ఆమె ఇబ్రహీంపట్నంలోనే సర్కారు బడిలో టీచరు. తమ్ముడి పని లేనితనం గురించి బడిలో చెప్పుకోలేక అవస్థపడుతోంది.

"ఎవలన్న అడిగితే ఏమని చెప్పాలెరా నీ గురించి?"

"ఏంజెల్ ఇన్వెస్టర్ అంటరక్కా, కొత్త కంపెనీలల్ల పైసలు పెట్టేటోళ్ళను. ఇంకా కాలే. ఆలోచిస్తున్న."

"ఏంజెలా! చర్చిల మాత్రం అనకు. పాస్టర్ రెక్కలు చూపియ్యుమంటడు." నవ్వుకుంటూ చారు పోసింది. "గా బస్సుల పిల్లకు ఇస్తున్నవా మరి?"

"లేదు. అది నడువదు."

"చెప్పినవా?"

"బాధపడతది."

"ఎవలు?"

అతను అన్నం కలుపుకున్నాడు.

లిఖిత ప్రతి సోమవారం మెసేజి పంపేది. ఏ కాలేజీ ప్రిన్సిపాల్‌ను కలిసిందో, ఆయన ఏమన్నాడో. ఒకాయన తన కారు ఎక్కడుందో కూడా చూపిస్తారా, భార్యకు తెలియకుండా ఉండేట్టు చేస్తారా అని అడిగాడట. అతను జవాబుగా పైకెత్తిన బొటనవేలి బొమ్మ పంపేవాడు. అది మాట కాదు కాబట్టి అబద్ధం కూడా కాదని అతని లెక్క.

ఆమె తన యాప్‌ను అతని ఫోనులో కూడా పెట్టించింది. మొదట్లో అతను దాన్ని తెరవలేదు. తరువాత పొద్దున టీ తాగుతూ తెరవడం అలవాటైంది. పెద్ద అంబర్‌పేట్ వైపునుంచి వచ్చే చుక్క ఎప్పుడూ ఆలస్యం. యాచారం చుక్క ఒక మలుపు దగ్గర తప్పకుండా ఆగుతుంది; అక్కడ చాయ్ దుకాణం ఉందని తిరుమల్ చెప్పకపోయినా తెలిసిపోతుంది. ఎక్కడికీ పోనవసరం లేని మనిషి, పోవలసిన చోటుకు పోతున్న వాళ్ళను చూస్తూ కూర్చునేవాడు. ఆ చుక్కలన్నీ కాలేజీల గేట్లలోకి చేరి ఆగిపోయాక, ఇల్లు ఒక్కసారిగా నిశ్శబ్దంగా అనిపించేది. అంతకుముందు చప్పుడేమీ లేకపోయినా.

వానలు మొదలయ్యేసరికి కొత్త చుక్కలు వచ్చాయి. మొదటి కాలేజీ. దసరా ముందు రెండోది. అతనికి సంతోషం వేసింది. వెంటనే ఆ సంతోషం వెనక తాను చెప్పాల్సిన 'వద్దు' కనిపించి, ఫోను పక్కన పెట్టేశాడు.

నందినితో ఈ సంగతి మాట్లాడాడు.

"బస్సులదా? వద్దు. నీకూ తెలుసు."

"తెలుసు."

"చెప్పినవా ఆమెకు?"

"లేదు."

"మంచిది. చెప్పకు. ఆ అమ్మాయి పట్టుదల బాగున్నట్టుంది. రేపు ఇంకేదన్నా మంచిది మొదలుపెడితే మన దగ్గరికే రావాలె."

ఆ రాత్రి అతను తనను తాను ఎంత తవ్వినా నందిని మీద కోపం దొరకలేదు. ఆమె చేసేదేమిటో ఆమెకు తెలుసు. తాను చేస్తున్నది మాత్రం తనకు ఇన్నాళ్ళూ వేరే పేరుతో కనిపించింది. సోమవారం మెసేజి కోసం అతను ఆదివారం సాయంత్రం నుంచే ఎదురుచూస్తున్నాడు. ఎవరో ఒకరు తన మాట కోసం బతకడం అతనికి కావలసి వచ్చింది. డబ్బు పెట్టేవాళ్ళకు మొదట దొరికే లాభం అదేనేమో. పైసా పెట్టకుండానే అతను దాన్ని తీసుకుంటున్నాడు.

క్రిస్మస్‌కు కొద్దిరోజుల ముందు లిఖిత ఫోను చేసింది. "రేపు జర రండన్నా. మీదే ఆలస్యం."

డ్రాయింగ్ హాల్లో ఆమె ఒక్కతే ఉంది. వాలు బల్లమీద మిఠాయి డబ్బా జారకుండా ఒక చేత్తో పట్టుకుని నిలబడింది. తెరనిండా చుక్కలు.

"మూడోది మొన్న సంతకమైందన్నా. మొత్తం ఐదు," అంది. ఆమె బాగా చిక్కిపోయింది.

"తిరుమల్ ఏడి?"

"గచ్చిబౌలిల జాబొచ్చింది, పోయిండు. ఎన్ని నెలలని జీతం లేకుంట చేస్తడు, పెండ్లయినోడు. పొయ్యేముందు కోడ్ అంత నేర్పించి పోయిండు. నేనే చేస్తున్న. నాకు గూడ ఆదిభట్లల వచ్చిండె, గా విమానాల పార్టులు చేసే కంపెనీల. డిసెంబర్ల చేరుమన్నరు. రాను అని చెప్పిన. మూడోది ఒక్కటే మిగిలె గదా అని." డబ్బా మూత తీసింది. "గా మూడో కాలేజోళ్ళు మస్తు తిప్పించిన్రు. ఒక ఏడాది ఫ్రీగ ఇస్తమంటే ఒప్పుకున్నరు. ఫ్రీ అయినా కాలేజీ కాలేజే గదన్నా? మీరు పైసలిచ్చే కాలేజీలు అనలే. మూడు అన్నరు అంతే."

"అవ్," అన్నాడు.

ఆమె అతని మొహంవైపు చూసింది. మొదటి రోజు చూసినట్టే.

అతని నోట్లో ఒక వాక్యం తయారైపోయి ఉంది. 'చాలా బాగుంది, ఇప్పుడు ఈ ఐదింటినీ ఒక ఏడాది నిలబెట్టి చూపించు.' అది ఎంత సులువుగా వచ్చి నిలబడిందంటే, దాన్ని తాను ఆలోచించినట్టే అనిపించలేదు. మెట్ల మలుపుల్లాగే అదీ శరీరానికి తెలిసిపోయిన పనిలా ఉంది. పెదవులు నవ్వడం కూడా మొదలుపెట్టాయి. ఆ వాక్యం అంటే ఆమె ఇంకో ఏడాది ఇక్కడే ఉంటుందని అతనికి తెలుసు. ప్రతి సోమవారం మెసేజి వస్తుందని కూడా తెలుసు.

"లిఖితా," అన్నాడు. "నేను పెట్టను. నందిని మేడమ్ గూడ పెట్టదు. ఇది నడువదమ్మా."

డబ్బాను పట్టుకున్న చెయ్యి అలాగే ఉంది.

"ఐదు గాలేదా?" అంది, తానే లెక్క తప్పానేమోనన్నట్టు.

"అయినయి. ఐదైనా, పదైనా నడువదు." కారణాలు చెప్పాడు. కాలేజీలు మూతపడటం, కొత్త బస్సులు, అన్నీ. ఆమె వాటిని వినడం లేదని అతనికి తెలుస్తూనే ఉంది. అన్నీ ఆమెకు తెలిసినవే.

"గిది ఎప్పటినుంచి తెలుసు నీకు?" అంది. ఎప్పుడూ 'మీరు' అనే పిల్ల.

"మొదటి రోజే."

కింద ఎవరో షామియానా కర్రలు లారీలోకి విసురుతున్నారు.

"మరి మూడు ఎందుకన్నవన్నా?" గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలన్నట్టు అడిగింది. "ఒకటి అంటే అయిపోతుండె గద. ఎండకాలంలనే అయిపోతుండె. తిరుమల్‌తోని నేను గంత కొట్లాడకపోతుంటి."

అతని దగ్గరున్న జవాబు చెప్పదగింది కాదు. "నా సొంతంగ కొంత ఇస్తా," అన్నాడు. "మళ్ళ ఇయ్యనవసరం లేదు."

"గిప్పుడు ఎందుకు? నువ్వు బాధపడుతున్నవనా?" తల అడ్డంగా ఊపింది. "వద్దు."

అతను ఎన్నో గదుల్లో విన్న మాట అది. ఇంత మెత్తగా ఎవరూ అనలేదు.

తిరిగి వెళ్ళబోతుంటే ఆమె డబ్బా ముందుకు జరిపింది. "తెచ్చిన గదా. ఒకటి తిని పో." అతను తీసుకుని ఆమె ముందే తిన్నాడు. మింగడానికి చాలాసేపు పట్టింది. ఆమె ఓపిగ్గా చూసి, బాటిల్‌తో నీళ్ళిచ్చింది.

ఆ రాత్రి నందినికి మెసేజి రాశాడు. పెట్టుబడుల పని తన వల్ల కాదని, రానని. ఆమె జవాబు వెంటనే వచ్చింది. "తొందరేం లేదు. మంచిగ ఆలోచించుకో. పండుగ అయినంక కూసొని మాట్లాడుదాం." చివర ఒక నవ్వు గుర్తు. అతను దాన్ని చాలాసేపు చూశాడు.

లిఖిత కాలేజీలకు నెలాఖరు దాకా నడిపిస్తానని చెప్పిందట. అతను రోజూ తెరిచి చూశాడు. చుక్కలు ఒక్కసారిగా పోలేదు. ఒక కాలేజీ, తరువాత ఇంకొకటి. పెద్ద అంబర్‌పేట్ చుక్క ఆలస్యంగానే వచ్చి ఒక రోజు ఇక రాలేదు. చివరికి యాచారం బస్సు ఒక్కటే మిగిలింది. చాయ్ దుకాణం మలుపు దగ్గర అది ఆగినప్పుడు, మళ్ళీ కదిలేదాకా అతను టీ ముట్టుకునేవాడు కాదు.

కొత్త సంవత్సరంలో కాలేజీలు తెరిచిన రోజు పొద్దున అతను ఫోను తెరిచాడు. పటంమీద రోడ్లు మాత్రమే ఉన్నాయి. కాసేపు చూసి, చెప్పులు వేసుకుని, కారు తీసుకుని సాగర్ రోడ్డుమీద ఆ మలుపు దాకా వెళ్ళాడు. చాయ్ దుకాణం నిజంగానే ఉంది. నలుగురైదుగురు విద్యార్థులు రోడ్డు పక్కన నిలబడి, మెడలు చాచి దూరంగా చూస్తున్నారు. ఒక అమ్మాయి ఫోను నొక్కి, నొక్కి, "వస్తలేదే, ఏమైంది దీనికి," అంటోంది.

అతను వాళ్ళకు కొంచెం దూరంలో నిలబడి, వాళ్ళు చూస్తున్న వైపే చూశాడు. బస్సు ఎక్కడుందో అతనికీ తెలియదు.