చెరో రోజు

సముద్రం పెరట్లోకి వచ్చేసింది, అయినా ఎవరూ కంగారు పడడం లేదు. మోకాలి లోతు నీళ్ళలో దానయ్య ఫైబర్ తెప్ప నిలబడి ఉంది, దాని పక్కనే కొర్లయ్య తెప్ప, రెంటి మీదా చెరో కాలూ వేసుకుని కొర్లయ్యే కూర్చుని ఒక ఇనప గొట్టానికి సైకిల్ ట్యూబు ముక్క చుడుతున్నాడు. కొర్లయ్య జ్వరంతో పోయి మూడు నెలలైందని దానయ్యకి తెలుసు, చెల్లెలి మొగుడు కాబట్టి పాడె మోసిన నలుగురిలో తానూ ఉన్నానని కూడా తెలుసు, కానీ పనిలో ఉన్న మనిషితో ఆ మాట అనడం మర్యాద కాదనిపించి ఊరుకుంటాడు.

"గొట్టం అట్టుకో బావా," అంటాడు కొర్లయ్య తల ఎత్తకుండానే. "కింద సెన్సారు సాపుగా ఉండాల. వొంకరుంటే సేప ఒకకాడుంటే ఇంకోకాడ సూపిత్తాది."

దానయ్య పట్టుకుంటాడు. తెప్పకి అడ్డంగా చెక్క, చెక్కకి రెండు బిగింపు మరలు, అందులోంచి నీళ్ళలోకి దిగే గొట్టం, గొట్టం కొసన చేపల్ని వెతికే సెన్సారు; ఒడ్డుకొచ్చేటప్పుడు గొట్టాన్ని పైకి లాగేసుకోవచ్చు, మరలు వదులు చేస్తే మొత్తం ఊడి చేతికొస్తుంది, పక్క తెప్పకి బిగించుకోవచ్చు. మత్స్యకారుల సంఘం వాళ్ళు రెండు తెప్పలకి ఒక ఫిష్ ఫైండర్ చొప్పున ఇచ్చినప్పుడు సరిగ్గా ఇలాగే బిగించుకుని చెరో రోజు వాడుకోమన్నారు. దానయ్య వింటేగా. ఉప్పునీళ్ళలో రోజూ ఊడదీసి బిగిస్తుంటే మిషను పాడైపోతుందని, ఏదో తానే తయారుచేసినట్టు చెప్పి, సెన్సారుని తన తెప్ప అడుగున రెజిన్ జిగురు పోసి అంటించేశాడు. రెజిన్ ఒక్క పూటలో రాయి అయిపోయింది.

గొట్టం పట్టుకునే ఉన్నాడు, పెరడు మాత్రం వెనక్కి జరిగిపోతోంది, ఇల్లు చిన్నదైపోయి, దాని వెనక కొండ పైకి లేచి, కొండ కొమ్ము మీదికి ఒక తాడిచెట్టు వచ్చి కూర్చుంటుంది. ఆ గుర్తు దానయ్యకి బాగా తెలుసు. మిషను వచ్చిన కొత్తలో ఇద్దరూ దానయ్య తెప్పలోనే వెళ్ళేవారు; చెట్టు కొమ్ము మీదికి రాగానే కొర్లయ్య చెయ్యెత్తేవాడు, అక్కడ నీళ్ళ కింద బండ ఉండేది, బండ చుట్టూ చేప ఉండేది, దానయ్య మీట నొక్కి ఆ చోటు మిషనులో దాచేవాడు. అలాంటివి పద్నాలుగు బండలు.

"ఇది మా అయ్య సూపించినాడు," అంటాడు కొర్లయ్య ఇప్పుడు కూడా. "ఇదీ నొక్కీసినావా?"

"నొక్కీసినాను."

"మంచి పని సేసినావు."

ఆ గొంతులో ఎత్తిపొడుపు ఉంటే బాగుండునని దానయ్య చెవులు రిక్కించి వెతుక్కుంటాడు. లేదు. రెజిన్ పోసిన రోజునా అంతే, కొర్లయ్య వచ్చి గట్టిపడిన చోట బొటనవేలితో రాసి చూసి, "నీకాడున్నా నాకాడున్నట్టే కదా బావా," అని అన్నానికి ఇంటికెళ్ళిపోయాడు. చొక్కా పట్టుకుని ఉంటే దానయ్యా నాలుగు మాటలు అనేసి, మర్నాటికి సిగ్గేసి ఉలితో పగలగొట్టేవాడేమో. తిట్టని మనిషితో ఎవరు మాత్రం ఏం గొడవ పడతారు. ఆ తర్వాత కొర్లయ్య ఏ బండ దగ్గరికి వచ్చినా అక్కడ దానయ్య వల అప్పటికే దిగి ఉండేది. చెయ్యి ఊపి, తెప్ప తిప్పుకుని, చేపలేని నీళ్ళలోకి పోయేవాడు.

"ఇయ్యాల నీ రోజు బావా," అంటాడు దానయ్య, అనేసి గబగబా చెక్కని కొర్లయ్య తెప్ప మీదికి మార్చి మర తిప్పుతాడు, మర తిరుగుతూనే ఉంటుంది, బిగుసుకోదు, చెక్క కింద తెప్ప అంచు తడిసిన అట్టలా నలిగిపోతుంటే ఇంకా గట్టిగా తిప్పుతాడు.

"నెమ్మది," అంటాడు కొర్లయ్య. "అది బిగీదులే. ఇంతకీ ఆ మిషన్లో నీళ్ళ కింద ఎలాగుంటాదో సెప్పు. నా తెప్ప మీద ఉంచుకుని ఒకపాలీ సూడనేదు."

దానయ్య తెర వైపు చూసి చెప్పడం మొదలుపెడతాడు, ఇసుక ఇలా ఉంది, బండ ఇలా ఉంది, వంపు గీతలు చేపలు. చెప్పేకొద్దీ కొర్లయ్య తల ఊపుతూ ప్రతిదానికీ తర్వాతది ముందే చెప్పేస్తుంటాడు, ఆ బండలన్నీ అతను చూపించినవే కదా మరి. దానయ్యకి దుఃఖం ఆగదు.

"నీకు అన్నేయం సేసినాను బావా. పాడైపోద్దని సెప్పింది అబద్దం. నాకొక్కడికే కావాలనిపించినాది. తిట్టు. ఒక్క మాట అను బావా."

కొర్లయ్య గొట్టం కింద పెట్టి, దానయ్య వైపు తిరిగి, నోరు తెరుస్తాడు.

"ఒక్క మాట అను బావా!"

తన కేకకి తనకే మెలకువ వచ్చింది. తెల్లవారుతోంది. తాటాకు దడికి అవతల, వాకిలి ఊడుస్తున్న చీపురు చప్పుడు టక్కున ఆగింది. అటువైపు ఇల్లు చెల్లెలు పోలమ్మది.



"అన్నా," అంది పోలమ్మ, దడి దగ్గరగా వచ్చి. "ఆయనొచ్చినాడా?"

"ఊఁ."

"నాకొకపాలీ కనపడనేదు." "ఏటన్నాడు?"

దానయ్య మంచం మీద లేచి కూర్చున్నాడు. నీ గురించే అడిగినాడని చెబితే చెల్లెలికి నాలుగు రోజులు తెరిపిగా ఉంటుంది. కానీ కొర్లయ్య విషయంలో ఇంకో అబద్ధం ఆడడానికి నోరు రాలేదు.

"ఏటీ అననేదమ్మా," అన్నాడు.

అవతల చీపురు చాలాసేపటిదాకా మళ్ళీ కదలలేదు.